ఆరోగ్య సర్వేలలో లింగభావం : కొలత, కొరత

తెలుగు వ్యాకరణం చదివినవారికి మహత్తు, అమహత్తు, మహతి అనే మాటలు కొత్త కావు. పురుషులను తెలిపే మాటలు మహత్తులు. పశుపక్ష్యాదులను, జడపదార్థాలను తెలిపేవి అమహత్తులు. స్త్రీవాచకమైన మహతి స్థితి మాత్రం విచిత్రమైనది. ఏకవచనంలో అది అమహత్తుల పంక్తిలో కూర్చుంటుంది. బహువచనంలో మహత్తులతో కలుస్తుంది. ‘ఆవు వచ్చింది’ అన్నట్లే ‘సీత వచ్చింది’ అంటాము. ‘రాజులు వచ్చారు’ అన్నట్లే ‘స్త్రీలు వచ్చారు’ అంటాము. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆడపిల్లల వరుసలో చిన్న గుసగుస వినబడడం మాకు అలవాటే. ఈ సంవత్సరం ఆ గుసగుస ప్రశ్నగా మారింది. “సార్, వ్యాకరణంలో లింగం మాటకు సంబంధించినది. ఆరోగ్య సర్వేలలో జెండర్ అంటారే, అది దేనికి సంబంధించినది?” అని ద్వితీయ సంవత్సర విద్యార్థిని ఒకతె అడిగింది. గణాంకశాస్త్రం మా విషయం కాదు. అయినా ప్రశ్న ఒక మాటను గురించినది కనుక తప్పించుకోలేకపోయాము. కొంత చదివి, తెలిసినవారిని అడిగి, ఈ వ్యాసం రాస్తున్నాము.

శరీరనిర్మాణాన్ని బట్టి పుట్టుకతో వచ్చే స్త్రీ పురుష భేదం ఒకటి. ఆడదంటే ఇలా ఉండాలి, మగవాడంటే ఇలా ఉండాలి అని సమాజం ఏర్పరచిన భేదం రెండవది. ఆన్ ఓక్లీ 1972లో వెలువరించిన గ్రంథంలో ఈ రెంటినీ విడదీసి చూపింది. ఉర్దూలో మొదటిదానిని ‘జిన్స్’ అనీ, రెండవదానిని ‘సిన్ఫ్’ అనీ వ్యవహరిస్తున్నారు. తెలుగులో లింగం, లింగభావం అనుకుందాం. జెండర్ అనే రాసేవారితో మాకు తగవు లేదు.

ఈ భేదం పండితుల కాలక్షేపం కాదనడానికి రక్తహీనతే ఉదాహరణ. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏండ్ల స్త్రీలలో 57 శాతానికి, అదే వయస్సు పురుషులలో 25 శాతానికి రక్తహీనత ఉన్నది. ఇందులో కొంత శరీరధర్మం: ఋతుస్రావం, గర్భధారణ, ప్రసవం. మరికొంత ఇంటి ధర్మం: అందరూ తిన్న తరువాత మిగిలినది తినడం, నీరసాన్ని జబ్బుగా ఎవరూ లెక్కించకపోవడం. సర్వే పత్రంలో ‘స్త్రీ’ అనే ఒక్క గడి ఈ రెంటినీ కలిపివేస్తుంది. మొదటిదానికి ఇనుము మాత్ర మందు కావచ్చు. రెండవదానికి ఆ మాత్ర చాలదు.

మరి లింగభావాన్ని అడగని సర్వేలనుండి దానిని రాబట్టడమెలా? కెనడాలో పీటర్ స్మిత్, మీకే కోహూర్న్ అనే పరిశోధకులు 2016లో ఒక ఉపాయం ప్రకటించారు. ఆ దేశపు శ్రామిక సర్వేలో అప్పటికే ఉన్న నాలుగు అంశాలను, అనగా పిల్లల బాధ్యత, చేసే వృత్తిలో స్త్రీ పురుషుల పాలు, పనిగంటలు, చదువు అనే వాటిని కలిపి ఒక సూచికను తయారుచేశారు. ఈ కొలబద్దపై స్త్రీలందరూ ఒక కొసన, పురుషులందరూ ఇంకొక కొసన ఉండనక్కరలేదు. మాంట్రియల్ పరిశోధకులు 55 ఏండ్లలోపు గుండెజబ్బు రోగులపై 2016లోనే ప్రకటించిన ఫలితం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఇంటిపని, సంపాదన, స్వభావం వంటి వాటిని కలిపి కొలిస్తే, సంప్రదాయంగా స్త్రీలవనుకునే లక్షణాలు, బాధ్యతలు అధికంగా ఉన్నవారిలో, వారు ఆడవారైనా మగవారైనా, సంవత్సరంలోగా జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనబడింది. శరీరరీత్యా స్త్రీయా పురుషుడా అన్నదానితో ఆ సంబంధం కనబడలేదు.

అయితే కెనడా కొలబద్దను తెచ్చి మన వాకిట నిలబెట్టలేము. జీతం, పనిగంటలు అన్న గడులు మన స్త్రీలలో చాలామంది విషయంలో ఖాళీగానే మిగులుతాయి. మన కుటుంబ ఆరోగ్య సర్వేలో వేరే ప్రశ్నలున్నాయి. వాటిలో ఒకటి, ‘మీ వైద్యం గురించి సాధారణంగా ఎవరు నిర్ణయిస్తారు?’ అనేది. తానే, భర్తే, ఇద్దరూ కలిసి, మరొకరు అని జవాబులు. ఇటువంటివే పెద్ద కొనుగోళ్ల గురించి, పుట్టింటివారిని, బంధువులను చూడబోవడం గురించి ఉన్నాయి. ఐదవ సర్వేలో వివాహిత స్త్రీలలో 88.7 శాతం ఈ మూడు నిర్ణయాలలో ఒక్కదానిలోనైనా పాల్గొంటున్నారని పట్టిక చెబుతుంది. చూడగానే సంతోషం కలుగుతుంది. కానీ అదే సర్వేలో బజారుకు, ఆసుపత్రికి, ఊరిబయటకు ఒంటరిగా వెళ్ళగలిగిన స్త్రీలు దాదాపు 42 శాతమే!

ఈ రెండు అంకెలూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతాయో మా ఆపా సంగతి చెబితే బోధపడుతుంది. ఆమెను మేము ఇదే ప్రశ్న అడిగాము. “ఇద్దరం కలిసే అనుకుంటాం” అన్నది తడుముకోకుండా. ఆమె అబద్ధమాడలేదు. మా దూల్హాభాయి ఎన్నడూ గొంతు పెంచి ఎరుగరు. కానీ పిత్తాశయంలో రాళ్ళతో నాలుగు నెలలు కడుపునొప్పి భరించింది ఆమె. నిర్ణయం మొదటి వారంలోనే జరిగిందట. వెంట వచ్చేవారికి సెలవు దొరికింది నాలుగవ నెలలో. ఆ నాలుగు నెలలు ఏ గడిలోనూ పడవు. పట్టికలో ‘తానే’, ‘కలిసి’ అన్న రెండు జవాబులనూ కూడి ‘పాల్గొంటున్నది’ అని వేస్తారు. మహతీవాచకం బహువచనంలోనే గౌరవం పొందిన తీరు మాకు ఇక్కడ గుర్తుకు వచ్చింది.

మన రెండు రాష్ట్రాలకు సంబంధించిన మరొక అంకె మమ్మల్ని కొన్ని రోజులు వదలలేదు. చెప్పకుండా బయటకు వెళ్ళడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలను చదివి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం న్యాయమేనా అని అడిగారు. ఒక్కదానికైనా న్యాయమేనన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో 14.8 శాతం. మన స్త్రీలు దెబ్బలను ఇంతగా సమ్మతిస్తున్నారా? ‘న్యాయమే’ అనడానికీ, ‘లోకంలో జరిగేదే’ అనడానికీ మధ్యనున్న దూరం భాష తెలిసినవారికి తెలుసు. పరాయి మనిషి కాగితం పట్టుకొని ఎదుట నిలిచినప్పుడు ఇల్లాలు ఏది చెప్పిందో ఎవరికెరుక? అలాగని అంకెను కొట్టివేయడమూ తప్పే. న్యాయమని నమ్మకపోయినా అలా చెప్పక తప్పదనుకున్న స్త్రీ, గాయానికి మందు వేయించుకోవడానికి సులభంగా గడప దాటుతుందని మేము అనుకోము.

ఇంకొక చిక్కు. ఈ ప్రశ్నలను సర్వేలో అన్ని ఇండ్లలోనూ అడగరు. సుమారు 15 శాతం ఇండ్లలోనే అడుగుతారు. కనుక రాష్ట్రానికి అంకె దొరుకుతుంది, జిల్లాకు దొరకదు. నిర్ణయాల ప్రశ్న వితంతువులకు లేదు. 49 ఏండ్లు దాటినవారిని అసలే అడగరు. కోడలి వైద్యం సంగతి తేల్చేది చాలా ఇండ్లలో అత్తగారే కదా! జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసినవారిలో స్త్రీలు దానికి దినానికి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చించినట్లు తేలింది. కానీ అవి వేరే ఇండ్లు, వేరే మనుషులు. ఆ నిమిషాలను ఈ రక్తహీనతతో ముడివేసే దారం లేదు.

కూడిన అంకెలను మళ్ళీ విడదీయడం మాత్రం సాధ్యమే. మూల దత్తాంశంలో ‘తానే’, ‘కలిసి’ వేరు వేరుగానే ఉన్నాయి. కలిపినది పట్టిక వేసినవారు. అదీగాక ఇదే సర్వేలో, పెద్దగా ఎవరూ ఉదహరించని ప్రశ్న ఒకటి ఉన్నది. జబ్బు చేసినప్పుడు వైద్యం పొందడానికి అనుమతి, డబ్బు, దూరం, వెంట వచ్చే తోడు, స్త్రీ వైద్యురాలు లేకపోవడం, వీటిలో ఏది పెద్ద అడ్డంకి అని అడుగుతారు. పెళ్ళయిందా లేదా అని చూడరు. మా ఆపా నాలుగు నెలలు పట్టడానికి చోటున్న గడి ఇదొక్కటే. ప్రశ్న వేసిన విద్యార్థినికి ఈ గడినే చూపించాము. ‘తోడు’ అడ్డంకి అన్నవారిలో ‘కలిసి నిర్ణయిస్తాము’ అన్నవారెందరో లెక్కవేసే పనిలో ఆమె ఇప్పుడు ఉన్నది. గణాంకశాస్త్ర శాఖవారు కంప్యూటరు దగ్గర సాయపడుతున్నారు.