సింగపూర్ వెళ్తున్న మేనకోడలికి

రుషికొండ



కంపెనీ పని మీద సింగపూర్ వెళ్తున్నావని తెలిసి సంతోషించానమ్మా. పని మీద వెళ్లేవాళ్లకు ఏ పెద్ద నగరమైనా చూపించేది కొంచెమే: విమానాశ్రయం, హోటలు, అద్దాల ఆఫీసు, రాత్రి దీపాల్లో మెరీనా బే. అంతమాత్రం చూసి వచ్చి చాలామంది మన విశాఖ కూడా సింగపూర్ అయిపోవాలంటారు. ఆ కోరికలో ఊరి మీద ప్రేమ ఉంది, కాదనను. కానీ వాళ్లు కోరుతున్నది మేడల్ని. వాళ్లు చూసిన ఆ మేడలు వచ్చింది చివర్న. అంతకుముందు జరిగిన పని మురుగు పని, ఇళ్ల పని. నువ్వు చూసి రావలసింది ఆ వరస.

మెరీనా బేనే తీసుకో. అందరూ ఫోటో దిగే ఆ నీళ్లు ఇప్పుడు సముద్రం కాదు, మంచినీటి జలాశయం. 2008లో మెరీనా బ్యారేజీ అడ్డుకట్టగా లేచాక, ఆ దేశంలో ఆరో వంతు నేల మీద కురిసిన వాన అక్కడికి చేరుతోంది. దాన్ని శుద్ధి చేసి కుళాయిలకు పంపుతారు. ఒడ్డున నెత్తిమీద ఓడ మోస్తున్నట్టుండే మూడు గోపురాల హోటలు 2010లో గానీ తెరవలేదు. అసలు ఆ నీళ్లు తాగడానికి పనికిరావాలంటే అందులో కలిసే సింగపూర్ నది ముందు బాగుపడాలి. ఒకప్పుడు పందుల, బాతుల పెంపకం దగ్గర్నుంచి గుడిసెల మురుగు, వీధి తిండిబళ్ల ఎంగిళ్లు, సరుకు పడవల చమురు దాకా అన్నీ ఆ నీళ్లలోకే వెళ్లేవి. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టారు, 1987కి పని పూర్తయింది. అందులో బురద తోడటం చిన్న భాగం. అసలు కష్టమంతా మనుషులకు చోటు చూపించడంలో ఉంది. గుడిసెల వాళ్లకు 1960 నుంచీ పనిచేస్తున్న గృహనిర్మాణ సంస్థ ఫ్లాట్లు ఇచ్చింది. వీధి వ్యాపారులకు కుళాయి, మురుగు కాలువ ఉన్న హాకర్ సెంటర్లు కట్టారు. పడవలను పాసిర్ పంజాంగ్ రేవుకు మార్చారు. ఊరికే తరిమేసి ఉంటే ఆ మురుగు ఇంకో వాగులో తేలేది.

ఇప్పుడు మన గెడ్డలు చూడు. కొండల మీది వాన సముద్రానికి చేరడానికి ఏర్పడ్డ దారులవి. ఇవాళ వాటిలో పారేది చాలావరకు మురుగే. అది కొంత రేవులోకి, కొంత ఆర్కే బీచ్ పక్కన సముద్రంలోకి పోతోంది. మనకు కావలసిన నీళ్లేమో ఏలేరు, రైవాడ, తాటిపూడి నుంచి రావాలి. మన రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం. ఆ గుర్తింపు తీరం వరకే. ఊరి వెనక పారే గెడ్డను ఏ జెండా బాగుచేయదు.

అది దేశం, ఇది కార్పొరేషన్, పోలికేమిటని అడుగుతారు. విస్తీర్ణంలో తేడా తక్కువే: సింగపూర్ సుమారు 730 చదరపు కిలోమీటర్లు, మన మహానగర పాలక సంస్థ సుమారు 680. జనమైతే వాళ్లకే మనకంటే చాలా ఎక్కువ. అయినా ఈ అభ్యంతరంలో బలముంది. అక్కడ భూమి, పన్ను, చట్టం ఒకే చేతిలో ఉన్నాయి. ఇక్కడ నేవీ భూమి వేరు, పోర్టు భూమి వేరు, ఉక్కు కర్మాగారం, రైల్వే భూములు వేరు. అందుకే ఊరంతా మార్చేయాలనడం లేదు. ఒక్క గెడ్డకు గడువు పెట్టుకోవడానికి మాత్రం మనం దేశం కానక్కర్లేదు. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: అదంతా కఠిన పాలన వల్ల సాధ్యమైందని. 1966 నాటి భూసేకరణ చట్టంతో అక్కడి ప్రభుత్వం నేలను చవగ్గా తీసుకున్న మాట నిజమే. అది మనం తెచ్చుకోవలసింది కాదు. ఉక్కు కర్మాగారానికి ఊళ్లిచ్చిన నిర్వాసితులు పునరావాసం కింద ఇచ్చిన ఆర్ కార్డులు పట్టుకుని ఇప్పటికీ ఉద్యోగాలు అడుగుతున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నాక ఎవరినైనా కదిలించే ముందు చోటు చూపించాలని మనకు వేరే చెప్పాలా? సింగపూర్ కథలో మనం తీసుకోదగ్గది ఆ చోటు చూపించడమే.

ఇంకొక్కటి. ఆ మేడలు కట్టే వలస చేతులకు ఆ ప్రభుత్వ ఫ్లాట్లు దొరకవు. 2020లో కరోనా అక్కడ అన్నిచోట్లకంటే ఎక్కువగా పాకింది వలస కార్మికుల డార్మిటరీల్లోనే. ఆ పడకల మీద మన తెలుగువాళ్లూ ఉన్నారు. వలస వెళ్లి ఇలా కష్టాలపాలవడం మన తీరానికి కొత్త కాదు. కళింగాంధ్ర నుంచి రంగూన్ వెళ్లి రేవులో బరువులు మోసినవాళ్లను 1930 అల్లర్లు పొట్టన పెట్టుకున్నాయి. 1942లో యుద్ధం తరిమితే వేలమంది కాలినడకన తిరుగుముఖం పట్టారు. మన ఊళ్లో బర్మా క్యాంపు పేరు వెనకున్నది కూడా బర్మా వదిలి వచ్చినవాళ్ల కథే. అందుకే ఏ నగరాన్ని మెచ్చుకోబోయినా, దాన్ని కట్టినవాడు రాత్రి ఎక్కడ పడుకుంటున్నాడో తెలుసుకున్నాకే మెచ్చుకో.

నాలుగు రోజుల్లో ఇదంతా ఎలా చూస్తానని అనుకోకు. ఒక సాయంత్రం మాల్ మానుకుని హాకర్ సెంటర్లో తిను, ఏదైనా ప్రభుత్వ ఫ్లాట్ల సముదాయంలో నడువు, ఆదివారమైతే లిటిల్ ఇండియాలో మన కుర్రాళ్లతో మాట్లాడు. తిరిగొచ్చాక మీ వార్డు గెడ్డలో ఎవరి మురుగు కలుస్తోందో, దాన్ని ఆపడానికి గడువు ఎప్పుడో వార్డు సచివాలయంలో అర్జీ పెట్టి అడుగు. నీ సంతకం కింద నా సంతకం ఉంటుంది.

ఇట్లు,
మీ మావయ్య