గోడమీది బొమ్మ ఎన్నాళ్ళుంటుంది?

హైదరాబాదులో రాజ్‌భవన్‌కూ హుస్సేన్‌సాగర్‌కూ నడుమ ఎం.ఎస్. మక్తా అనే పేట ఉంది. అక్కడివి ఇరుకు సందులు, ఒకదానినొకటి ఆనుకొని ఉన్న ఇళ్ళు. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ పూనికతో చిత్రకారులు ఈ ఇళ్ళ గోడల మీద పెద్దపెద్ద బొమ్మలు వేశారు. వాటిని చూడటానికి ఇతర పేటల జనం కూడా రాసాగారు.

ఇటువంటి వీధికి వెళ్ళినప్పుడు ముందు దూరంగా నిలబడి బొమ్మ అందాన్ని చూడండి. తరువాత దగ్గరికి వెళ్ళి గోడ అడుగుభాగాన్ని పరిశీలించండి. అక్కడ రంగు పొక్కులెత్తి, తెల్లని పొడి కనబడిందా? అది సుద్ద కాదు, ఉప్పు! గోడలోకి ఉప్పు ఎలా వచ్చింది?

ముందుగా రంగు సంగతి తెలుసుకుందాం. రంగునిచ్చే మెత్తని పొడిని వర్ణకం అంటారు. దానిని గోడకు పట్టి ఉంచేది బంధకం. ఈ రెండూ కలిసి ఉండే ద్రవం, బయటి గోడలకు వాడే ఎక్రిలిక్ రంగుల్లో, నీరే. నీరు ఆవిరైపోగానే బంధకపు కణాలు ఒకదానితో ఒకటి కలిసి పలుచని పొరగా ఏర్పడతాయి. ఆ పొర మళ్ళీ నీటిలో కరగదు. అందువల్లనే వానకు బొమ్మ కడుక్కుపోదు.

కాని గోడ లోపలి నుంచి వచ్చే నీటి మాటేమిటి? ఇటుకలోను, సిమెంటు పూతలోను కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. వత్తి నూనెను పైకి లాగినట్లే, ఇవి నేలలోని తడిని పైకి లాగుతాయి. దీనినే కేశనాళికీయత అంటారు. ఆ నీరు దారిలో లవణాలను కరిగించుకొని వస్తుంది. గోడ ఉపరితలాన్ని చేరి ఆవిరైనప్పుడు లవణాలు మిగిలిపోయి స్ఫటికాలవుతాయి. పెరిగే స్ఫటికాలు రంగుపొరను వెనుకనుంచి నెట్టి ఊడగొడతాయి.

దీనికి రంగును నిందించి లాభం లేదు, పైన మరో పూత వేసినా లాభం లేదు. కారే గొట్టాన్నీ, నీరు నిలిచే చోటునూ ముందు బాగుచేయాలి. ఆ గోడ వెనుక ఒక కుటుంబం నివసిస్తున్నదని మరువకండి. బొమ్మను పాడుచేసే చెమ్మ వారి ఇంటినీ పాడుచేస్తుంది.

రంగుకు రెండవ శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు కొన్ని కర్బన వర్ణకాల అణువులను విడగొట్టడం వల్ల రంగు వెలిసిపోతుంది. ఇనుము ఆక్సైడు ఉన్న జాజు వంటి ఖనిజ వర్ణకాలు ఎండను బాగా తట్టుకుంటాయి. లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు చిత్రాలకు వాడినవి ఇటువంటి ఖనిజ వర్ణకాలే. పైగా అవి మండపం కప్పుకు లోపలివైపున, ఎండవానలు తగలని చోట ఉన్నాయి.

మీ పాఠశాల గోడ మీద బొమ్మ వేయదలచుకుంటే ముందు ఈ పరీక్ష చేయండి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల పాలిథీన్ ముక్కలు రెండు తీసుకోండి. ఒకదానిని నేలకు జానెడు ఎత్తులోను, రెండవదానిని తలయెత్తునను, గాలి చొరకుండా నాలుగంచులా టేపుతో గోడకు అతికించండి. మరునాడు చూడండి. గోడవైపు నీటిబిందువులు పట్టి ఉంటే గోడలో తడి ఉన్నట్లు. రెండు ముక్కల్లో ఏది ఎక్కువ తడిసింది? ఎందుకు? కారణాన్ని మీ నోటుపుస్తకంలో రాయండి.