శరత్కాలంలో ట్యూబింగన్

ప్రశ్న: స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. అక్టోబరులో ఓ శని, ఆదివారాలు ఒక్కదాన్నే ఏదైనా పాత యూనివర్సిటీ ఊరు చూసి రావాలనుంది. ఎక్కడికి వెళ్లొచ్చు?

జవాబు: ట్యూబింగన్‌కు. స్టుట్‌గార్ట్ నుంచి రైల్లో సుమారు గంట. యూనివర్సిటీ పుట్టింది 1477లో. ఊరి నిండా విద్యార్థులే కాబట్టి కెఫేలో ఒంటరిగా పుస్తకం పట్టుకుని కూర్చున్నా వింతగా చూసేవారుండరు.

శనివారం పొద్దున్నే నెకర్ నది మధ్యనున్న లంకలో నడవాలి. ప్లేన్ చెట్లు పసుపు బారే రోజులవి. అవతలి ఒడ్డున కనిపించే పసుపుపచ్చ బురుజులోనే కవి హోల్డర్లిన్ 1807 నుంచి 1843లో కన్నుమూసేదాకా ఉన్నాడు.

తర్వాత కొండమీది కోట. అసలు విశేషమంతా ఇక్కడే! ఈ కోట పాత వంటశాలను ప్రయోగశాలగా మార్చారు. ఆస్పత్రి కట్లకు అంటిన చీములోని కణాల నుంచి ఫ్రీడ్రిక్ మీషర్ 1869లో ఓ కొత్త పదార్థాన్ని వేరుచేసింది అక్కడే. నేడు మనం డీఎన్ఏ అంటున్నది దాన్నే. కోట మ్యూజియంలో మామత్ దంతంతో చెక్కిన బుల్లి గుర్రం బొమ్మ ఉంది. వయసు 35,000 ఏళ్లకు పైమాటే. ఒక్క పూటే తీరిక ఉన్నా దీన్ని వదలకూడదు.

మలయాళ నిఘంటుకర్త హెర్మన్ గుండర్ట్ చదివింది ఈ ఊళ్లోనే. ఆయన మనవడు, రచయిత హెర్మన్ హెస్సే ఇక్కడి పుస్తకాల షాపులో పనిచేశాడు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు, తిండి సరుకులు ముందురోజే కొనుక్కోవాలి. ఆ రోజును బేబెన్‌హౌజెన్ మఠానికీ, పక్కనున్న షోన్‌బుహ్ అడవికీ ఉంచుకోవచ్చు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. సాయంత్రం అయిదు దాటగానే పొద్దుగూకుతుంది కాబట్టి అడవి నడక మధ్యాహ్నమే ముగించాలి.