చికున్‌గున్యా తగ్గాక మా అమ్మమ్మ కాళ్ళకి ఏమైంది?

పోయినేడు మా అమ్మమ్మకి చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారం లోపే పోయింది. కానీ రెండు నెలలైనా కుర్చీలోంచి లేవాలంటే నా భుజం పట్టుకునేది. "వయసైపోయింది కదే" అని అమ్మ తెలుగులో అంది, నాన్న అదే మాట కన్నడలో అన్నారు. ఒక్క జ్వరంతో అంత వయసు మీద పడుతుందా అని నాకు డౌట్ వచ్చింది.

ఈ పేరుకి చికెన్‌తో సంబంధం లేదు (చిన్నప్పుడు నేనూ ఉందనే అనుకున్నా). 1952లో టాంజానియాలో ఈ జబ్బు బయటపడింది. అక్కడి మకొండే భాషలో ఆ మాటకి వంగిపోవడం అని అర్థం. మన దేశంలో 1963లో కోల్‌కతాలో కనబడి, తర్వాత చాలా ఏళ్ళు మాయమై, 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో మళ్ళీ లేచింది. 2006లో దేశం మొత్తమ్మీద అనుమానిత కేసులు సుమారు 13.9 లక్షలు.

వైరస్ రక్తంలో కొద్ది రోజులే ఉంటుంది. కానీ కీళ్ళ పొరల్లోకి, కండరాల్లోకి కూడా పోతుంది. అక్కడ వాపు నెలల తరబడి మిగలొచ్చు. ఎముక రాయి కాదు. కొన్ని కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, కొన్ని కొత్తది కడుతుంటాయి. వాపు ఎక్కువకాలం ఉంటే కరిగించే కణాలదే పైచేయి అవుతుంది.

కండ సంగతి ఇంకోలా ఉంటుంది. జ్వరంలో తిండి సయించదు, కానీ రోగంతో పోరాడటానికి ఒంటికి ప్రోటీన్ కావాలి. అందుకని కండనే విడగొట్టి వాడుకుంటుంది, కాలేయం అందులోంచే గ్లూకోజ్ కూడా తయారుచేస్తుంది. అవసరానికి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టినట్టన్నమాట. తర్వాత విడిపించుకోవాలి కదా!

మేం విడిపించలేదు. లంఖణం పరమౌషధం అని మూడు వారాలు చారన్నమే పెట్టాం. పప్పు వాతమని, గుడ్డు వేడని మానిపించాం. మంచం దిగనివ్వలేదు, మంచినీళ్ళు కూడా నేనే అందించేదాన్ని. ప్రేమే, కాదనను. కానీ 2007లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పదిరోజులు మంచానికే పరిమితం చేస్తే కాళ్ళలో దాదాపు కిలో కండ పోయింది. అమ్మమ్మకి షుగర్ కూడా ఉంది, దానివల్ల కండ తిరిగి పట్టడం ఇంకా ఆలస్యం.

ఇప్పుడు ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు పొద్దున, సాయంత్రం పదేసిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చుంటోంది. కీళ్ళు వాచిన రోజు మానేస్తుంది. పప్పు, గుడ్డు, మజ్జిగ మళ్ళీ మొదలయ్యాయి. రాగిముద్ద నాన్న వంతు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుందని తెలిశాక ఆయన గర్వం చూడాలి.

మొన్న ఆదివారం పదింటిలో ఏడుసార్లు చేతులు ఆనించకుండా లేచింది. మిగతా మూడుసార్లు నా భుజమే.