క్రీడ్ నాలుగో పేరా సంగతి

చిరంజీవి అమ్మడికి,



నీ ఉత్తరం అందింది. స్కూల్లో ఎఫ్.ఎఫ్.ఏ. క్రీడ్ పోటీ, అదే మీ వ్యవసాయ విద్యార్థి సంఘం నమ్మకాల ప్రకటనని నోటికి చెప్పే పోటీ, నువ్వే గెలిచావని చదవగానే నాయనమ్మ ఆ కబురు వీధంతా చెప్పి వచ్చింది. తాతయ్యకి మాత్రం ఉత్తరం చివరికొచ్చేసరికి మనసు చివుక్కుమంది. "పొలం లేని ఇంటిపిల్లవి, వ్యవసాయాన్ని నమ్ముతున్నానని నువ్వెలా అంటావు?" అని క్లాసులో ఎవరో అన్నారనీ, తర్వాతి మెట్టయిన సెక్షన్ పోటీకి పేరు తీసేయించుకుందామనుకుంటున్నాననీ రాశావు. మొన్న ఫోన్లో మీ అమ్మా అదే చెప్పింది. రాత్రిళ్ళు సరిగా అన్నం కూడా తినడం లేదట. ముందు అన్నం తిను తల్లీ.

ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న చాలా పాతది. 1928లో కాన్సాస్ సిటీలో ఎఫ్.ఎఫ్.ఏ. మొదలైనప్పుడు 18 రాష్ట్రాల నుంచి వచ్చిన 33 మంది ప్రతినిధులూ రైతుబిడ్డలే. సంస్థ పేరు కూడా 'ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా'. అరవై ఏళ్ళు గడిచాక, 1988లో, సంస్థవాళ్ళే ఆ పేరు మార్చి 'నేషనల్ ఎఫ్.ఎఫ్.ఏ. ఆర్గనైజేషన్' అని పెట్టుకున్నారు. ఒక్క దున్నేవాళ్ళతోనే వ్యవసాయం నడవదు. విత్తనం తయారుచేసేవాళ్ళు, పశువుల డాక్టర్లు, సరుకు నిల్వచేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, పాఠం చెప్పేవాళ్ళు అందరూ అందులో ఉన్నారని తెలిసే ఆ మార్పు చేశారు. ఇవాళ సభ్యులు పది లక్షలు దాటారు. వాళ్ళలో పట్నం పిల్లలు తక్కువేం కాదు. పొలం లేనివాళ్ళు కూడా కుందేళ్ళు పెంచో, నర్సరీలో పనిచేసో సొంత ప్రాజెక్టు నడిపి, దాని ఖర్చూ రాబడీ పుస్తకంలో రాస్తారు. నువ్వు బడి వెనక టమాటా మడికి రాస్తున్న లెక్కా అదే. కాబట్టి నీకు హక్కుందా లేదా అన్నది తాతయ్య బెంగ కాదు.

తాతయ్య బెంగ వేరు. "రెండు రాత్రుల్లో మొత్తం నోటికి వచ్చేసింది" అని నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యమే పట్టుకుంది.

అంత తేలిగ్గా వచ్చింది నోటికే. క్రీడ్ చెప్పడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత జడ్జీలు ఐదు నిమిషాలు ప్రశ్నలు వేస్తారు. చెప్పే సమయం కంటే అడిగే సమయమే ఎక్కువ. ఫలానా పేరా అంటే నీకేం అర్థమైంది, ఆ మాట ఈనాటికి ఎలా వర్తిస్తుంది అని అడుగుతారు. చేతులు ఎక్కడ ఊపాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో చూపించే వీడియోలు అప్పుడు అక్కరకు రావు.

క్రీడ్ ఎప్పటి రాతో చూడు. విస్కాన్సిన్‌లో వ్యవసాయ విద్య బోధించిన ఇ.ఎం. టిఫనీ గారు రాశారు. 1930 జాతీయ మహాసభలో ఆమోదించారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక పడిపోయిన పంటల ధరలు మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు; దాని మీద 1929లో షేర్‌మార్కెట్ కూలింది. అప్పుల కింద పొలాలు పోతున్న ఇళ్ళలోంచి వచ్చిన కుర్రాళ్ళు నిలబడి, వ్యవసాయానికి మంచిరోజులున్నాయని నమ్ముతున్నామన్నారు. 1965లోనూ 1990లోనూ కొద్దిగా దిద్దినా, ఐదు పేరాలూ నమ్మకం మాటతోనే మొదలవుతాయి. ఆ మాట ఐదుసార్లు ఒకే రాగంలో లాగకు. సుఖంగా ఉన్నవాడు నమ్ముతున్నాననడానికీ, అప్పుల్లో ఉన్నవాడు అనడానికీ తేడా ఉంది.

తాతయ్య చిన్నప్పుడు బడిలో ప్రతిజ్ఞ కొత్తగా వచ్చింది. పొద్దున్నే వరసల్లో నిలబడి చెయ్యి ముందుకు చాచి అందరూ గడగడా అప్పజెప్పేవాళ్ళు. అది రాసినాయన మన తెలుగువాడనీ, నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారనీ ఆ వరసల్లో ఒక్కరికీ తెలియదు. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ 1962లో రాశారాయన. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదవడం మొదలైంది. అంతమంది నోళ్ళలో రోజూ ఆడే మాటలు రాసిన మనిషి పేరు ఎన్నో ఏళ్ళు పుస్తకాల్లో కూడా కనపడలేదు. చైనాతో యుద్ధం జరిగిన ఏడాది ఆ మాటలు ఎందుకు పుట్టాయో ఒక్క మేష్టారు చెప్పినా ఆ పిల్లలు ఇంకోలా పలికేవాళ్ళేమో. నువ్వు జడ్జీల ముందు నిలబడేనాటికి టిఫనీ గారి పేరు, ఆ ఏడాది, ఆ ఏడాది కష్టం నీకు తెలిసి ఉండాలి.

ఇక నాలుగో పేరా. ఉత్తరమంతా దీనికోసమే అనుకో. రైతు ఇంకొకరిని దేబిరించే రోజులు తగ్గి, దీటుగా బేరమాడే సత్తా పెరగాలన్నది అందులో మొదటి మాట. దాన్ని నువ్వు తొందరగా దాటేస్తున్నావని మీ నాన్న పంపిన రికార్డింగులో తెలుస్తోంది.

మీ ముత్తాత ఎడ్ల సంతకి వెళితే వెంట తాతయ్య ఉండేవాడు. ఎడ్లబేరం నోటితో జరగదు. తుండుగుడ్డ కప్పి దాని కింద ఇద్దరూ చేతులు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, ఎన్ని వేళ్ళు నొక్కితే ఎంతో ఇద్దరికే తెలుసు. పైకి మొహంలో ఏమీ కనపడదు. మీ ముత్తాత ఒక్కోసారి చెయ్యి విదిలించుకుని లేచి నాలుగడుగులు వేసేవాడు. అవతలివాడు పిలిచేదాకా వెనక్కి తిరిగేవాడు కాదు. అదే మనిషి పసుపు అమ్మబోతే, బస్తా పక్కన నేలమీద కూర్చుని ఎదురుచూసేవాడు. కొనేవాడు వచ్చి కొమ్ము పుటుక్కున విరిచి లోపలి రంగు చూసి ధర చెప్పి ముందుకు నడిచేవాడు. "ఇంకో పది వెయ్యండి బాబూ" అంటూ మీ ముత్తాత వెనక వెళ్ళేవాడు. ఎడ్లని ఇంటికి తోలుకుపోగలడు, వచ్చేవారం మళ్ళీ తేగలడు. పసుపు అలా కాదు. అప్పు గడువు మీద పడింది, దాచే చోటు లేదు. ఒకే మనిషిని సంతలో మొనగాడినీ, పసుపు బస్తాల దగ్గర యాచకుడినీ చేసింది ఆ రెండే.

మీ ఊరికి దగ్గర్లోనే దీనికి జవాబు వెతికారు. ఫ్రెస్నోలో ఎండుద్రాక్ష రైతులు 1912లో కలిసి సొంత సంఘం పెట్టుకున్నారు. 1915లో సరుకుకి 'సన్‌మెయిడ్' అని పేరు పెట్టారు. ఇంట్లో నువ్వు చిన్నప్పుడు తిన్న ఎర్ర డబ్బా అదే. రైతులంతా కలిసి ధర మాట్లాడుకుంటే గుత్తాధిపత్యమంటూ కేసులు పెట్టిన రోజులవి. ఆ చిక్కు తీర్చడానికే 1922లో కేపర్-వోల్‌స్టెడ్ చట్టం వచ్చింది. మన దగ్గరా ఆచార్య రంగా గారు 1930ల్లోనే నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి పల్లెటూరి యువకులకి ఆర్థికశాస్త్రం చెప్పించారు. రైతు నోరు విప్పి మాట్లాడాలన్నదే ఆయన తపన. పిల్లలకి మీ ఎఫ్.ఎఫ్.ఏ. వేదిక మీద మాట్లాడటం నేర్పించడమూ అందుకే.

అందుకని ఒక పని చెయ్యి. ఒక ఆదివారం నాన్నని తీసుకుని ద్రాక్షతోటకి వెళ్ళు. ఆగస్టు చివర్లో కోసిన గుత్తుల్ని వరసల మధ్య కాగితం పళ్ళేల మీద ఆరబెడతారు, ఎండడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా వాన పడితే ఏడాది కష్టమూ బూజే. ఇవి ఎలాగూ ఆ రోజులు కావు కాబట్టి రైతుని అడిగి తెలుసుకో. టన్నుకి ఎంత ఇచ్చారు, ఆ ధర ఎవరు నిర్ణయించారు, వద్దనే వీలు మీకుందా అని అడుగు. ఆయన చెప్పింది రాసుకో. రెండో పేరాలో వ్యవసాయపు సుఖాలతో పాటు కష్టాలూ తెలుసునని అంటావు కదా, ఆ మాటకీ అప్పుడే బలం.

చలి ఎక్కువగా ఉందట, గొంతు జాగ్రత్త. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు తాగు.

ఐదో పేరాకి వచ్చేసరికి ఇంకో సంగతి గుర్తుంచుకో. నల్లజాతి విద్యార్థులకి 'న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా' అని వేరే సంఘం ఉండేది. 1965లో గానీ రెండూ కలవలేదు. ఆడపిల్లల్ని దేశవ్యాప్తంగా సభ్యులుగా తీసుకుంది 1969లో. ఆ పేరా దేశపు మంచి సంప్రదాయాల గురించి మాట్లాడుతుంది. జడ్జీలు దాని మీద అడిగితే ఈ రెండు ఏళ్ళూ చెప్పు, బెదరకుండా చెప్పు. ఎఫ్.ఎఫ్.ఏ. నీలం కార్డురాయ్ జాకెట్ జిప్పు మెడదాకా వేసుకుని నువ్వు దిగిన ఫోటో నాయనమ్మ దేవుడి గూట్లో పెట్టింది. యాభై ఎనిమిదో అరవయ్యో ఏళ్ళు ముందు పుట్టి ఉంటే నీకా జాకెట్ వచ్చేది కాదు.

పేరు మాత్రం తీసేయించుకోకు. జాతీయ పోటీ 7 నుంచి 9వ తరగతి పిల్లలకే. నీకిది తొమ్మిదో తరగతి, వచ్చే ఏడాది వెళదామంటే కుదరదు. గెలవడం ఓడటం నాకు అక్కర్లేదు. ద్రాక్ష రైతు ఏమన్నాడో, నాలుగో పేరా మీద జడ్జీలు ఏమడిగారో, నువ్వేం చెప్పావో ఉన్నదున్నట్టు వెంటనే రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య