ఒకే పనికి ఒకే కూలి

అనంతపురం జిల్లా కరువు సీమ. ఇక్కడ వాన తక్కువ. శెనక్కాయ పంటే చాలామందికి ఆధారం. ఆ చేనులో కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. చెట్టు పెరికేటప్పుడూ, కాయ కోసేటప్పుడూ వాళ్లే ముందుంటారు.

పొద్దుగూకాక కూలి ఇస్తారు. మగవాళ్లకు ఎక్కువ, ఆడవాళ్లకు తక్కువ. ఇదేమని అడిగితే "మొదట్నుంచీ ఇంతే కదమ్మా" అంటారు. "మగోళ్ల పని బరువు" అంటారు. ఎండలో పొద్దంతా నడుం వంచి కలుపు తీయడం తేలికా?

లెక్క చూద్దాం

ఒక ఊళ్లో మగ కూలి 300 రూపాయలు, ఆడ కూలి 200 రూపాయలు అనుకుందాం. రోజుకు తేడా 100 రూపాయలు. 100 రోజులు పని చేస్తే ఎంత పోతుంది? 10,000 రూపాయలు!

చట్టం ఏం చెప్పింది?

సమాన పనికి సమాన వేతనం ఉండాలని మన రాజ్యాంగం చెప్పింది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. 2019లో చేసిన వేతనాల చట్టంలోనూ ఇదే మాట ఉంది. ఒకే రకం పనికి ఆడవాళ్లకు తక్కువ కూలి ఇవ్వకూడదు.

చట్టం వచ్చినా చేనులో కూలి మారలేదు. చాలామందికి చట్టం సంగతే తెలియదు. తెలిసినవాళ్లకు భయం. అడిగితే రేపు పనికి పిలవరేమో! వేరే పని లేని చోట నోరు ఎలా లేస్తుంది?

బండ్లపల్లిలో మొదలు

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మన జిల్లాలోనే మొదలైంది. నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. పల్లెల్లో పని అడిగిన కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. పనివాళ్లలో మూడో వంతు మందైనా ఆడవాళ్లు ఉండాలని కూడా చెప్పింది.

చెరువుల్లో పూడిక తీశారు. నీటి కుంటలు తవ్వారు. తవ్విన మట్టిని కొలిచి కూలి కట్టారు. కొలిచే టేపుకు ఆడా మగా తేడా తెలియదు కదా! ఆంధ్రప్రదేశ్‌లో ఈ పనిదినాల్లో సగానికి మించి ఆడవాళ్లవే. వాళ్ల పేరు మీదే ఖాతాలు తెరిచారు.

దీంతో ఆడవాళ్లకు ఒక ధైర్యం వచ్చింది. "ఉపాధి పనిలో ఇంత వస్తుంది. మీ చేనుకు తక్కువకు ఎందుకు రావాలి?" అని అడిగే వీలు కలిగింది. చాలాచోట్ల చేని కూలి పెరిగింది. తేడా మాత్రం పూర్తిగా పోలేదు.

"వానల్లేవు, పంట గిట్టలేదు, కూలి ఎక్కడిది?" అంటాడు చిన్న రైతు. ఆ కష్టం నిజమే. కానీ ఆ బరువంతా ఆడకూలి మీదే వేయడం న్యాయమా?

2025 చివర్లో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పథకాల పేర్లు మారుతుంటాయి. సమాన కూలి హక్కు మాత్రం అలాగే ఉంది.

మనం ఏం చేయాలి?

ఒక్కరే అడిగితే పక్కన పెడతారు. పదిమందీ కలిసి అడగాలి. వినకపోతే కార్మిక శాఖ అధికారికి అర్జీ రాయాలి. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. పాస్‌బుక్కు మనమే చదవాలి. ఎన్ని రోజులు పని చేశాం? ఎంత జమ అయింది? లెక్క సరిచూసుకున్నాకే వేలిముద్ర వేయాలి, సంతకం పెట్టాలి.

చర్చించండి

1. మీ ఊళ్లో ఆడ కూలి ఎంత? మగ కూలి ఎంత?
2. ఆ తేడా వల్ల ఏడాదికి ఎంత నష్టం? లెక్క కట్టండి.
3. సమాన కూలి కోరుతూ ఒక అర్జీ రాయండి. అందరూ సంతకాలు చేయండి.