మైకుసెట్టు

సభలో కడపటి వరుసవానికిని వక్త మాట వినబడవలెనన్న మైకు, యాంప్లిఫయరు, లౌడుస్పీకరు కావలెను. సభలలో విరివిగా వాడు డైనమిక్ మైకులో పలుచని పొర యొకటి కలదు. మాట తాకినంతనే అది కంపించును. దాని నంటియున్న తీగచుట్ట అయస్కాంతము చెంత కదలి స్వల్ప విద్యుత్తును పుట్టించును. యాంప్లిఫయరు దానిని పెంచును. లౌడుస్పీకరు మరల శబ్దముగా మార్చును.

స్పీకరు ధ్వని తిరిగి మైకును చేరి, మరల మరల పెరిగినచో కర్ణకఠోరమైన కూత పుట్టును. అప్పుడు మాట యెవ్వరికిని అందదు. కావున స్పీకర్లను మైకునకు ముందుగా, సభికుల వైపు తిప్పి నిలుపవలెను. వక్త జానెడు దూరమున నిలువవలెను. దూరము 2 రెట్లైనచో మైకును చేరు ధ్వనితీవ్రత సుమారు 4వ వంతునకు తగ్గును. మీట త్రిప్పుటకన్న మైకునకు చేరువగుట మేలు.

బాలలారా! యంత్రము మాటను పెద్దది చేయును. స్పష్టముగ పలుకుట మాత్రము మన పనియే.